సీలు వేసిన వేళ

ఎవరికీ చెప్పకు అన్నాడంటే, చెప్పకూడని మనిషి ఎవరో పక్కనే ఉన్నారన్నమాట. ఆ మాత్రం తెలియకుండానే ఇన్నేళ్లు ఎండుచేపల వ్యాపారం చేసిందా గౌరి? ఫోను ఒళ్లో పెట్టుకుని, కొంగు అడ్డం వేసుకుని మూడోసారి చదివింది. ‘అక్కా, మన కంటైనర్‌ని పోర్టులో ఆపేశారు. డిక్లరేషన్‌లో ఏదో తేడా ఉందంట. పన్నెండున్నరకి ఫోన్ చేస్తాను. అంతవరకు ఎవరికీ చెప్పకు.’ పంపినవాడు పృథ్వీరాజ్, విశాఖపట్నంలో తన ఎగుమతి కాగితాలు చూసే ఏజెంటు ఆఫీసులో గుమస్తా. ఏదో తేడా అట. ఏం తేడానో రాయడానికి వేళ్లు నొప్పి పుట్టాయా? బయటికెళ్లి రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తనేలేదు. ఇప్పుడు పదకొండున్నర దాటింది. ఇంకో గంట. విజయనగరంలో ఈ హోటలు మేడమీద హాల్లో, మోచేతులు బిగుసుకుపోయే ఏసీ చలిలో, గోనెసంచుల మిల్లువాళ్లు, జీడిపప్పువాళ్లు, గ్రానైటువాళ్లు ఓ నలభైమంది మధ్య కూర్చుని, తెర మీద మారే బొమ్మలు చూస్తూ ఆ గంట గడపాలి. పక్క కుర్చీలో శివాజీ ఉన్నాడు, సొంత మరిది. వేదిక మీద కస్టమ్స్ ఆఫీసరు చెప్పిందల్లా బుద్ధిగా నోటుపుస్తకంలో ఎక్కించుకుంటున్నాడు. అంత బుద్ధి ఎప్పట్నుంచి వచ్చిందో వీడికి.

‘మార్చి ఒకటి నుంచి ఇన్‌స్పెక్టరు మీ గోడౌనుకి రాడు,’ అంటున్నాడు ఆఫీసరు, మంచి ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. సరుకు మీరే నింపుకోవాలి, సీలు మీరే బిగించుకోవాలి, చిప్పు ఉన్న సీలు, దాని నంబరూ వేసిన తేదీ టైమూ బండి నంబరూ కంప్యూటర్లో మీరే ప్రకటించుకోవాలి, పోర్టులో మెషీను చదువుకుంటుంది, అంతా సరిపోతే తలుపు తెరవకుండా ఓడెక్కిస్తారు. ‘ఒక్క మాటలో చెప్పాలంటే, ప్రభుత్వం మిమ్మల్ని నమ్ముతోంది.’ ముందు వరసలో గ్రానైటువాళ్లు చప్పట్లు కొట్టారు. గౌరి చేతులు కదల్లేదు. నమ్ముతోందట! అమ్మ బుల్లమ్మ నెత్తిన గంపతో గజపతినగరం సంతకి బస్సెక్కబోతే కంపు కంపు అని దింపేసిన కండక్టర్లు నమ్మలేదు, బ్యాంకులో మేనేజరు నమ్మలేదు, ఇంటికి అద్దె అడిగితే ముక్కు మూసుకున్న విజయనగరం జనం నమ్మలేదు, ఇప్పుడు పనిగట్టుకుని ఢిల్లీ నుంచి ఎవరో తనని నమ్మారట. ఇందులో మతలబు ఏదో ఉంది. పాత ఇన్‌స్పెక్టరు జీపులో వచ్చేవాడు, నాలుగు పెట్టెలు విప్పించేవాడు, నెత్తళ్ల ఇగురుతో కడుపునిండా అన్నం తినేవాడు, తీగ మెలితిప్పి సీసం ముద్ర నొక్కి సంతకం పెట్టి పోయేవాడు. ఆ తర్వాత ఏం తేడా వచ్చినా మొదట పోయేది ఆయన ఉద్యోగం. ముందే అనుమతి తీసుకున్న గౌరికి ఇప్పటికే ఆయన లేడు, ఆయన సంతకం లేదు. అంటే పులుసులో పడేది ఎవరు? గౌరే. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని, రేకుల షెడ్డు వేసి, ఊళ్లో పాతికమంది ఆడవాళ్లని కూడగట్టి కొలంబో దాకా ఎండు నెత్తళ్లు పంపుతున్న గౌరి.

పోనీ అనుమానం మంచిది కాదంటారే, అనుమానం లేకపోతే ఈ సరుకులో ఒక్కరోజు నిలవగలరా ఎవరైనా? పైన వెండిలా మెరిసే నెత్తళ్లు పోస్తారు, కింద తడి సరుకు పెడతారు, బరువుకి ఇసక కలుపుతారు. అమ్మ చెయ్యి ఎప్పుడూ గంప అడుక్కే వెళ్లేది. పైది చూస్తావేటే, పైది సూపించడానికే పెడతారు, అనేది. ఆ చెయ్యే గౌరికి వచ్చింది. మనుషుల్ని చూసినా అంతే, నవ్వు చూడదు, అడుగున తడి ఎక్కడుందో వెతుకుతుంది. పెళ్లయిన కొత్తలో మొగుడు ఎర్రన్న వేట నుంచి వచ్చి ఎంత చేప పడిందో చెబితే తాను తెప్ప దగ్గరికి వెళ్లి చూసొచ్చేది, అతను నవ్వి ఊరుకునేవాడు. ఇప్పుడు కూడా సముద్రం మీదే ఉన్నాడు, ఫోను అందదు, అందినా ఒడ్డు సంగతులు నీవే కదా అంటాడు. అత్త కూర్మమ్మ మాత్రం నవ్వలేదు ఎప్పుడూ. నీ కడుపున నిప్పులున్నాయే, వాటిమీద ఎవలు అన్నం వండుకుంటారే, అందోసారి. అననీ. ఆ నిప్పుల మీదే కదా ఇల్లంతా వండుకు తింటోంది. కానీ శివాజీ విషయంలో మాత్రం ఏనాడూ గంప అడుక్కి చెయ్యి పెట్టలేదు, అదే తప్పు. పన్నెండేళ్ల పిల్లాడిగా ఉన్నప్పుడు తను కాపురానికి వచ్చింది, జ్వరమొస్తే తడిగుడ్డ వేసింది, డిగ్రీ ఫీజు కట్టింది. కంప్యూటరు ముందు కూర్చునేది ఇంట్లో వాడొక్కడే. సీలు బిగించేదీ వాడే, టైపు కొట్టేదీ వాడే, మీట నొక్కేదీ వాడే.

కొత్త ఫోను ఎక్కడిది? పండక్కి ముందు లేదు, పండగైన వారానికి చేతిలో ఉంది, అడిగితే వాయిదాల్లో అన్నాడు. నెలలో రెండుసార్లు విశాఖపట్నం ఎందుకు? పృథ్వీరాజ్‌ని కలవడానికట, ఫోన్లో మాట్లాడితే పోయేదానికి యాభై కిలోమీటర్లు బండి మీద వెళ్లి కలవాలా? భోగాపురంలో విమానాలు దిగుతాయన్న దగ్గర్నుంచి ఊళ్లోకి తెల్లచొక్కాల మనుషులు దిగారు, టీ కొట్టు దగ్గర వాళ్లతో చెవులు కొరుక్కుంటూ కనిపించాడు, తనని చూసి సిగరెట్టు కింద పడేశాడు. సిగరెట్టు కోసమే పడేశాడా, మాట కోసం పడేశాడా? ఇక బుధవారం. బుధవారం కంటైనర్ వచ్చింది, ఆరువందల అట్టపెట్టెలు ఎక్కాయి, ఆడవాళ్లంతా వరసగా నిలబడి అందించారు. తను లోపల తూకం పుస్తకం చూసుకుంటోంది. డ్రైవరు, శివాజీ ఇద్దరే తలుపు దగ్గర. ఎంతసేపు? పావుగంట? పావుగంటలో ఎన్ని పెట్టెలు మారవు? ఎండుచేపల వాసనలో ఏ వాసనా తెలియదు, కుక్కలకి కూడా తెలియదంటారు. ఏజెన్సీ కొండల మీంచి ఏం దిగుతోందో, ఏ మూటల్లో ఏ సరుకుల మధ్య దాక్కుని ఎక్కడెక్కడికి పోతోందో రోజూ పేపర్లో చూస్తూనే ఉంది. గంజాయి. పెట్టె విప్పుతారు, ఫొటోలు తీస్తారు, బోర్డు మీద పేరు తనది, పాతికమంది ఆడవాళ్లు షెడ్డు బయట కూర్చుని ఏడుస్తారు. ఆ రోజు టైపు కొడుతూ కొడుతూ శివాజీ ఆగి తన మొహంలోకి అదోలా చూశాడు కదూ? అవును, చూశాడు. కీబోర్డు మీద వేలు అలాగే ఉంచి, ఏదో చెప్పబోయి మింగేసినవాడిలా చూశాడు. తప్పు చేసేవాడి చూపు అదే.

‘ఏటి వదినా, అలాగున్నావు?’ శివాజీ వంగి అడిగాడు.

‘ఏసీ పడతన్లేదు.’

‘టీ తెస్తానుండు. అల్లం ఉన్నాదో లేదో అడిగి తెస్తాను.’

లేచి వెళ్లాడు. టీకేనా? కొత్త ఫోను చేత్తో పట్టుకునే వెళ్లాడు. అద్దం తలుపు అవతల వరండాలో అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు, భుజాలు కదులుతున్నాయి. సరిగ్గా అప్పుడే ఆఫీసరు గొంతు కాస్త గట్టిపడింది, లేక తనకే అలా వినిపించిందో. సీలు వేసే మనిషి పేరు మీరు మాకిచ్చారు, ఆ మనిషి పొరపాటు చేస్తే ఆ మనిషిని తీసేసి ఇంకొకరిని పెట్టుకోవచ్చు, సంస్థకి హెచ్చరికతో సరిపోతుంది, కానీ యజమానే తప్పుడు మాట ప్రకటించారని తేలితే మాత్రం సొంతంగా సీలు వేసుకునే అనుమతి పోతుంది, మళ్లీ ప్రతి పెట్టె పోర్టులో విప్పి చూపించుకోవాల్సిందే. ‘పేర్లు మార్చుకునేవాళ్లు ఉంటే భోజనాల్లోపు ఫారం ఇచ్చేయండి. ఒకటో తారీఖు తర్వాత జాబితా మూసేస్తాం.’ పోర్టులో విప్పడమంటే? సముద్రపు గాలికి నెత్తళ్లు రెండు గంటల్లో మెత్తబడతాయి, కొలంబో షావుకారు మెత్తబడ్డ సరుకు ఒకసారి తీసుకుంటాడు, రెండోసారి ఫోను ఎత్తడు. ఆపైన పాతికమంది మళ్లీ గంపలు నెత్తినెట్టుకుని బస్సు కండక్టర్ని బతిమాలుకోవాలి. రేఖ అని మెడలో బిళ్ల వేసుకున్న పిల్ల వరసల మధ్య ఫారాలు పంచుతోంది. గౌరి చెయ్యి చాపింది. చెయ్యి దానంతటదే చాచుకుంది అనడం నిజం. ప్రస్తుతం అధికారం ఉన్న వ్యక్తి పేరు అన్నచోట శివాజీ అని రాసింది. తొలగించుటకు కారణం అన్నచోట కలం కాసేపు ఆగింది. ఏం రాయాలి? జ్వరంతో వణుకుతూ వదినా నీళ్లు అన్నవాడని రాయాలా? ‘నమ్మకం లేనందున’ అని రాసి, కింద సంతకం పెట్టి, గోడ గడియారం చూసింది. పన్నెండుకి ఇంకా పది నిమిషాలుంది. కాగితం మడిచి ఫైలు కింద పెట్టుకుంది. టీ వచ్చింది. అల్లం ఉంది, పంచదార తక్కువ, తను తాగేటట్టే.

టీ కుర్చీ కింద పెట్టేసింది. పక్కనే మళ్లీ రాసుకుంటున్నాడు, పాళీ కాగితం మీద చిన్నగా గీసుకుపోతున్న చప్పుడు ఇందాకటినుంచి వినిపిస్తూనే ఉన్నా ఇప్పుడే చెవిలో పడుతోంది. ఓరగా చూసింది. సీలు టైము అని రాసి కింద రెండు గీతలు గీశాడు, ఇంకా ఏదో రాయబోయి తనవైపు తిరిగాడు, మళ్లీ అదే చూపు, బుధవారం నాటి చూపు. ఏమిటి అన్నట్టు గౌరి కనుబొమలు ఎగరేసింది. ఏం లేదని తలూపాడు. ఏం లేదట. ఉన్నదంతా లోపల పెట్టుకుని ఏం లేదంటున్నాడు. ఎర్రన్నకి ఏమని చెప్పాలి, నీ తమ్ముణ్ని నేనే పట్టించానని చెప్పాలా? అత్త బతికున్నంతకాలం తన చేతి నీళ్లు ముడుతుందా? రామతీర్థం కొండ మెట్ల మీద తన కొంగు పట్టుకుని ఎక్కిన పిల్లాడు, మధ్యలో కూర్చుండిపోయి వదినా ఎత్తుకో అని మారాం చేస్తే, పన్నెండేళ్ల వాణ్ని ఎత్తుకుని ఆరు మెట్లు ఎక్కింది, జనం నవ్వారు. అది వేరు, ఇది వేరు. ఎత్తుకున్నవాళ్లనే ముంచేవాళ్లు లేరా? ఉన్నారు. కానీ కళ్లెందుకు మండుతున్నాయి? ఏసీ గాలికి.

పన్నెండున్నరకి రెండు నిమిషాల ముందే ఫోను ఒళ్లో వణికింది. గౌరి వరండాలోకి పరుగులాంటి నడకతో వెళ్లింది. వద్దనుకున్నా శివాజీ వెనకే వచ్చాడు, ఆమె వదిలేసిన ఫైలు చేత్తో పట్టుకుని.

‘అక్కా, కస్టమ్స్ సారు పక్కనే ఉన్నారు, స్పీకర్‌లో పెడతన్నాను,’ అన్నాడు పృథ్వీరాజ్, గొంతు పీలగా.

‘ఏమ్మా,’ అంది మరో గొంతు. ‘భోగాపురంలో బుధవారం పదకొండు గంటల ఆరు నిమిషాలకి సీలు వేశామని ప్రకటించారు. ఆ ఖాళీ కంటైనర్ ఇక్కడ మా యార్డు గేటు దాటిందే పదకొండు యాభై రెండుకి. ఇంకా మీ ఊరికి రాని పెట్టెకి సీలు ఎలా వేశారు? ఆ టైము ఎవరు రాశారు?’

పదకొండు ఆరు. ఆ అంకె చెవిలో పడగానే గౌరి కళ్లముందు కర్పూరం వెలిగింది. సిద్ధాంతి గారు రాసిచ్చిన వేళ అది. దాటితే రాహుకాలం, రాహుకాలం తర్వాత వర్జ్యం. బండి ఇంకా యార్డులోంచి కదల్లేదని ఫోను వచ్చింది, అత్త కూర్మమ్మ కంగారుపడింది, వేళ దాటిపోతాదే, వేళ దాటిపోతాదే అని. దానికేముంది, పడవకి చేసినట్టే చేశారు. గాలి కుదరక పడవ కదలకపోయినా, మంచి వేళ పోనివ్వకుండా దాని ముక్కుని అలకి తగిలించి వెనక్కి లాగేస్తారు, ఆ తర్వాత ఎప్పుడు వేటకి వెళ్లినా ఆ వేళకి బయలుదేరినట్టే లెక్క, తాతల నాటి నుంచి అంతే, గంగమ్మకీ ఆ లెక్కే తెలుసు. గౌరే ఒక అట్టపెట్టె ఎత్తి షెడ్డు గుమ్మం బయట పెట్టింది, పసుపు రాసింది, కొబ్బరికాయ కొట్టింది, సరుకు వెళ్లిపోయినట్టే అనుకుని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. పాత ఇన్‌స్పెక్టరు ఉన్నరోజుల్లో సీలు టైము ఆయనే రాసుకునేవాడు కాబట్టి ఈ లెక్క ఎవరికీ పట్టేది కాదు. అసలు సీలు బిగించేసరికి మూడు ఇరవై. శివాజీ కంప్యూటరు ముందు కూర్చుని అడిగాడు, వదినా, సీలు టైం ఏటి ఎయ్యను? పదకొండు ఆరు, అంది తను, తూకం పుస్తకంలోంచి తలెత్తకుండా. అది కాయ కొట్టిన టైం కదా, అన్నాడు. ఎయ్యమన్నది ఎయ్యి, ఏరే టైం రాసీసి సరుక్కి అరిష్టం తేకు, అని కసిరింది. అప్పుడు కదా వాడు వేలు అలాగే ఉంచి తన మొహంలోకి చూసింది. ఆ చూపు అడుక్కి చెయ్యి పెట్టి ఎంత వెతికింది ఈ గంటంతా! అక్కడ ఉన్నది తన మాటే.

‘ఏమ్మా, లైన్లో ఉన్నారా?’ అంది ఫోను.

శివాజీ ఆమె చేతిలోంచి ఫోను మెల్లగా తీసుకున్నాడు. ‘సారూ, నేను శివాజీని, సీలు ఏసే మనిషిని. టైం నేనే తప్పు రాసీసినాను. వదినకి ఏటీ తెలీదు. కంపెనీ తప్పు కాదు సారూ, నాదే. నా పేరు తీసీమని ఫారం కూడా రెడీగా ఉన్నాది, ఇప్పుడే ఇచ్చేస్తన్నాం.’

ఫారం. గౌరి అప్పుడు చూసింది అతని రెండో చేతిని. ఫైలు కింద మడతపెట్టిన కాగితం విప్పి ఉంది. చదివాడు. నమ్మకం లేనందున అన్నది చదివి, దాన్నే తన మెడకి తగిలించుకుని గౌరిని ఒడ్డున పడేస్తున్నాడు. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. ఊరుకుంటే చాలు. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే అనుమతి ఉంటుంది, కొలంబో ఉంటుంది, పాతికమంది పని ఉంటుంది, అందరూ వాడి తప్పే అనుకుంటారు, వాడు కూడా అభ్యంతరం చెప్పడు. ఎంత తేలిక! పైన వెండిలా మెరుస్తోంది. గౌరి ఫోను లాక్కుంది.

‘బాబూ, యజమాన్ని మాటాడతన్నాను. ఆ టైం సెప్పింది నేను. ఆడు వద్దన్నాడు, నేనే రాయించినాను. మా ఆచారం పెకారం కాయ కొట్టిన టైం అది. సీలు ఏసింది మూడు ఇరవైకి. పెట్టి ఇప్పుకోండి, సూసుకోండి, నెత్తళ్లు తప్ప ఏటీ ఉండవు.’

అటువైపు ఎవరో నవ్వు ఆపుకున్నట్టుంది, లేక దగ్గారో. ‘ఇప్పుడు చెప్పిందంతా రాసి, సంతకం పెట్టి, మూడింటిలోపు పంపండి,’ అంది ఆ గొంతు. ‘పెట్టె విప్పుతాం. అనుమతి సంగతి పైవాళ్లు చూస్తారు. నేను ఏమీ చెప్పలేను.’ ఫోను ఆగిపోయింది.

హాల్లోంచి జనం భోజనాలకి బయటికి వస్తున్నారు, సాంబారు వాసన, ప్లేట్ల చప్పుడు. రేఖ అనే ఆ పిల్ల దగ్గరికి వచ్చి ఫారం ఉందా అండీ అని అడిగింది. లేదని గౌరి తల అడ్డంగా ఊపింది. శివాజీ గోడకి చేరబడి ఆ కాగితాన్ని పాత మడతల మీదే మళ్లీ జాగ్రత్తగా మడుస్తున్నాడు. ఏదో ఒకటి అనాలి, ఒరే నాయనా అనాలి, చెయ్యి పట్టుకోవాలి. కొత్త ఫోను సంగతి అడగాలని ఆ క్షణంలో కూడా మనసులో ఓ మూల అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

‘ఒకటి సెప్పు వదినా,’ అన్నాడు శివాజీ, కాగితం మీంచి చూపు ఎత్తకుండా. ‘ఇది ఎప్పుడు రాసినావు? నేను టీకెళ్లినప్పుడా? లేపోతే, ఇప్పుడు ఫోన్ రింగైతే కంగారులో రాసీసినావా?’

కంగారులో అంటే సరిపోతుంది. వాడే దారి చూపిస్తున్నాడు, అందులోకి అడుగు పెడితే ఇంటికి వెళ్లేలోపు ఇద్దరూ మామూలు మనుషులైపోవచ్చు. గౌరి కొంగుతో మొహం తుడుచుకుంది.

‘టీకెళ్లినప్పుడే రా,’ అంది. ‘పన్నెండుకి ఇంకా పది నిమిషాలుంది.’